మోకాలి లోతు సముద్రం

తెల్లవారుజామున సంసోనుకు సముద్రం వినిపించింది. ముందు ఎక్కడో దూరంగా, తరువాత మంచం కిందికి వచ్చినంత దగ్గరగా. ఒక అల వచ్చి ఆగుతోంది, కాసేపు ఆలోచించుకుని మళ్ళీ వస్తోంది. ఆ చల్లటి చప్పుడులో తేలుతూ తేలుతూ కళ్ళు తెరిస్తే, అది వంటింట్లో నల్లా. వాషరు అరిగిపోయి దసరా నుంచి కారుతూనే ఉంది.

"ఇయ్యాలన్న వాషరు తెస్తవా, లేకుంటే నేను బకీట్లు మార్చుకుంట కూసోవాల్నా?" అంది లీయా వంటింట్లోంచి.

"తెస్త తియ్. దానికింత ఫికరా?" అన్నాడు సంసోను. ఆ రోజుకు అతని కార్యక్రమం అంతే. నౌబాదు దాకా పోవడం, వాషరు కొనడం, ఒక చాయ్ తాగి రావడం.

సంసోను బస్సు డ్రైవరుగా చేసి ఆ ఏడే రిటైరయ్యాడు. బీదరు నుంచి మన్నాఏఖేళ్ళి మీదుగా హైదరాబాదు, మళ్ళీ వెనక్కి. ఉద్యోగమంతా అదే దారి. ప్రపంచం మన్నాఏఖేళ్ళి దాటాకే మొదలవుతుందని అతని నమ్మకం. ఆ దారిలో ఎక్కడా సముద్రం తగలలేదు. చూడనిదాని మీద ప్రేమకు అంతుండదు కదా, అతనికీ లేదు. రిటైరైన రోజు మెడలో దండ ఉండగానే "ముసలితనం సముద్రం ఒడ్డున గడపాలె" అని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లీయా మాత్రం కొట్టలేదు.

లీయాకు బీదరు పక్కన చిద్రిలో తాముండే వీధే లోకం. నర్సుగా పనిచేసిన చెయ్యి కాబట్టి ఆ వీధిలో ఆమె సూది తినని మనిషి లేడు. పక్కింటి జగదేవి జొన్నరొట్టెలు చేస్తే రెండు గోడ మీదుగా ఇటు వస్తాయి. లీయా మామిడికాయ తొక్కు పెడితే గిన్నెడు అటు పోతుంది. గోడ ఎత్తు పెంచుదామని సంసోను ఒకసారి అన్నందుకు ఆడవాళ్ళిద్దరూ అతనితో రెండు రోజులు మాట్లాడలేదు.

నౌబాదులో చాయ్ హోటలు ముందు తుకారాం దొరికాడు. ఇండ్లు, జాగలు అమ్మిపెట్టడం అతని పని. ఇంట్లో మరాఠీ, ఆఫీసుల్లో కన్నడం, హోటల్లో ఉర్దూ, సంసోనుతో తెలుగు మాట్లాడతాడు. నాలుగు భాషలూ ఒకే నోట్లో కాపురం ఉంటాయి కాబట్టి, ఒకదానిలోంచి మాటలు ఇంకోదానిలోకి జారిపడుతుంటాయి.

"సంసోనన్నా, నీ గురించే అనుకుంటున్న. మంచి జాగ వచ్చింది. అరవై దాటినోళ్ళకే ఇండ్లు. మెట్లు లేవు, అంతా చదును. బాత్రూంల పట్టుకోను కడ్డీలు పెట్టిన్రు. ముంగట అరుగు. అరుగు దిగితే కడలి."

సంసోను చేతిలో చాయ్ కప్పు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "ఏందీ?"

"కడలి అన్నా! దర్వాజ తీస్తే కడలే. చూపు ఆనినంత దూరం ఇంకోటి కనవడది."

"ఊగుతదా?"

"గాలి లేసినప్పుడు చూడాలె. ఈ కొస నుంచి ఆ కొస దాక ఒకటే ఊగుడు."

"లోతు ఎంతుంటది?"

లోతేమిటో తుకారాంకు అర్థం కాలేదు. ఎత్తు అడుగుతున్నాడనుకున్నాడు. "మోకాళ్ళ దాక వస్తది."

"మంచిదాయె. లీయాకు ఈత రాదు," అని గొణుక్కున్నాడు సంసోను.

"పొద్దుగాల దాంట్ల నడిస్తే కాళ్ళు తడుస్తయన్నా. ఆ తడి నాలికకు తగిలితే ఉప్పగుంటది."

"ఉప్పగనే ఉంటది మరి," అన్నాడు సంసోను. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎక్కడ తమ్మీ?"

"మన్నాఏఖేళ్ళి దాటినంక."

సముద్రం మన్నాఏఖేళ్ళి దాటాకే ఉంటుందన్నది ఎవరూ కాదనలేని మాట. సంసోను ఇంకేమీ అడగలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. శనగల్ని కన్నడంలో కడలె అంటారు. బీదరు వైపు కన్నడంలో మాట చివరి ఎకారం నిలబడలేక ఇకారంలోకి జారుతుంది. ఇంటిని చెప్పే మనె మని అవుతుంది, కడలె కడలి అవుతుంది. పాపం తుకారాం చెప్పింది శనగ చేను గురించి. సంసోను చెవికి ఆ మాట తెలియక కాదు, కానీ తెల్లవారి కల ఇంకా ఆ చెవిలోంచి దిగిపోలేదు. పైగా అతని ఇంట్లో అవి శనగలు, అంగట్లో చెనా. కడలి అంటే ఆదివారం చర్చిలో పాడే పాటల్లోని కడలే. ఒక జాగల బ్రోకరు తన కోసం అంత పెద్ద మాట వాడాడని ముచ్చటపడి, ఆ మర్యాద నిలబెట్టాలని, ఆ రోజు నుంచి తుకారాంతో తానూ కడలి అనే అన్నాడు. మిగతా లోకంతో సముద్రం అన్నాడు. కొంప మునిగింది అక్కడే.

"వాషరేది?" అంది లీయా, చేతులూపుకుంటూ వచ్చిన మొగుణ్ణి చూసి.

"వాషరెందుకింక? మనం సముద్రం కాడికి పోతున్నం. ఈ ఇల్లు అమ్ముదాం."

లీయా చేటలో బియ్యం పక్కన పెట్టింది. "ఏ ఊరు?"

"సముద్రమున్నంక ఊరి పేరెందుకు? అంతా అరవై దాటినోళ్ళే ఉంటరంట. పోరగాళ్ళ లొల్లి ఉండది."

"అందరు ముసలోళ్ళే అయితే గ్యాసు సిలిండరు ఎవరెత్తుతరయ్యా? నా నడుము పట్టుకుంటే నువ్వెత్తుతవు. నీది పట్టుకుంటే నేనెత్తుత. ఇద్దరిది పట్టుకుంటే? రేపు మనల పెట్టెల పెట్టినంక ఆ పెట్టె మోసేదెవరు?"

"అలలొచ్చి తీస్కపోతయి," అన్నాడు సంసోను. ఆ గొంతు విన్నాక వాదించి లాభం లేదని లీయాకు తెలిసిపోయింది. మధ్యాహ్నానికి గేటుకు బోర్డు వేలాడింది: ఇల్లు అమ్మబడును. లీయా గోడ దగ్గరికి పోయి, "పోతున్నం జగదేవీ. ఈ మనిషిని ఒక్కన్ని పంపలేను. కూరల ఉప్పెంతెయ్యాల్నో కూడ తెల్వదు," అంది. ఆమెకు ఏడుపు వచ్చింది. జొన్నరొట్టె తీసుకోకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున చూస్తే జగదేవి గేటుకూ బోర్డు ఉంది. ఆమె భర్త రాచయ్య ఒకప్పుడు ఊళ్ళో సేద్యం చేసి, మోకాళ్ళ నొప్పులతో చిద్రికి వచ్చి స్థిరపడ్డవాడు. ఆ వారమే ఎదురింటి మోసెస్ మాస్టరు గేటుకు మూడోది వచ్చింది. మోసెస్ చర్చిలో పాటల బృందాన్ని నడిపిస్తాడు, పాట ఎత్తుకునేది మాత్రం లీయా. ఆ తరువాత వీధి ఆ చివర నుంచి ఈ చివరదాకా బోర్డులే. సంసోను అరుగు మీద కూర్చుని ఇంతమందిలో ఇన్నాళ్ళూ ఇంత సముద్రం దాగి ఉందా అని పరవశించిపోయాడు. లీయా మాత్రం ఈ మనిషి తన పిచ్చి వీధికంతా అంటించాడని కుమిలిపోయింది.

సంసోను ఇల్లు చూడటానికి స్టాన్లీ అనే కుర్రవాడు వచ్చాడు. నౌబాదులో చిన్న ఫ్యాక్టరీ నడుపుతున్నాడు. గేట్లన్నీ చూసి బండి దిగకుండానే అడిగాడు: "మామా, ఏమైంది ఈ గల్లీకి? నీళ్ళు రావా?"

"ఎందుకు రావు? దసరా నుంచి కారుతనే ఉన్నయి," అన్నాడు సంసోను.

ఈ జవాబు స్టాన్లీకి నచ్చలేదు. అతను వెళ్ళి ఇంకొకరితో అన్నాడు. ఆ ఇంకొకరు మరొకరితో అన్నారు. చిద్రి నేల కింద నీళ్ళు ఊరుతున్నాయట, ఇండ్లు కుంగుతాయట అని ఒక పుకారు పుట్టింది. ఆ గల్లీ మీదుగా పెద్ద రోడ్డు పోతుందట అని దానికి తమ్ముడు పుట్టాడు. పక్క గల్లీవాళ్ళు కూడా ఎందుకైనా మంచిదని బోర్డులు పెట్టేశారు. చిద్రిలో ఇండ్ల ధరలు పొద్దుటి పాలపొంగులా చల్లారిపోయాయి. ఆ ధరలు చూసి స్టాన్లీకి ధైర్యం వచ్చింది. తన దగ్గర పనిచేసే కొత్త పెళ్ళికొడుకులందరినీ వెంటబెట్టుకుని వచ్చి, గల్లీ మొత్తం తామే తీసుకుంటామన్నాడు. క్రిస్మస్ అయ్యాక తాళాలిస్తానని సంసోను మాట ఇచ్చేశాడు. ఆ సాయంత్రం లీయా పెరట్లో జామచెట్టు కింద చాలాసేపు నిలబడి ఉండటం చూశాడు కానీ, జామకాయలు చూస్తోందనుకున్నాడు.

క్రిస్మస్ అయిన వారానికి, జాగ చూపిస్తానని తుకారాం పొద్దు పొడవక ముందే టెంపో తెచ్చాడు. జనం ఎక్కారు. తుకారాం వాళ్ళ సామాన్లు చూసి తల గోక్కున్నాడు. అందరి దగ్గరా తువ్వాళ్ళు, గొడుగులు ఉన్నాయి. జగదేవి సముద్రం నీళ్ళు తెచ్చుకోవడానికి ఇత్తడి చెంబు పట్టుకుంది. మోసెస్ మాస్టరు భుజానికి గాలి నింపిన లారీ ట్యూబు ఉంది.

"ఇదెందుకు సారూ?"

"జాగ్రత్త మంచిది నాయనా. వయసు మీదున్నది," అన్నాడు మోసెస్.

కూర్చోవడానికేమో అనుకున్నాడు తుకారాం. "పొద్దెక్కక ముందే అందుకుంటమా తమ్మీ?" అని సంసోను అడిగాడు. "గంటల ఉంటమన్నా," అన్నాడు తుకారాం. సముద్రానికి పోయే రైలు హైదరాబాదులో ఎక్కాలి కాబట్టి, అక్కడికి పోయే బస్సు గంటలో అందుకుంటామని సంసోను అర్థం చేసుకుని, జీవితంలో మొదటిసారి ఆ దారిలో కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాడు.

కలలో అలలు వచ్చాయి. టెంపో ఆగిన కుదుపుకు కళ్ళు తెరిచాడు. ఎదురుగా మంచు. మంచు కింద, కనుచూపు మేర, పచ్చగా నీలంగా ఏదో మెల్లగా ఊగుతోంది. చివర ఎక్కడుందో తెలియడం లేదు, ఆకాశం దానిలోకి దిగిపోయింది. సంసోను ఎవరినీ పిలవలేదు. టెంపో దిగాడు, చెప్పులు విప్పాడు, ప్యాంటు మోకాళ్ళపైకి మడిచాడు, నేరుగా నడుచుకుంటూ దానిలోకి వెళ్ళిపోయాడు. కాళ్ళకు చల్లగా తగిలింది. ఒళ్ళంతా జలదరించింది. ఇంత సంతోషం తనకు రాసిపెట్టి ఉందని అతనికి తెలియదు. వంగి, మోకాలి మీది తడిని వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు.

"లీయా! ఉప్పగనే ఉంది!"

రాచయ్య వెనకే వచ్చి, వంగి, ఒక మొక్కను పీకాడు. కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. "సంసోనన్నా, ఇది శనగ చేను. శనగాకు మీద మంచు పడితే ఉప్పగ పుల్లగ అయితది. చిన్నప్పుడు గుడ్డ పరిచి పిండుకుంటుంటిమి."

"హౌదు, అవును, కడలి!" అన్నాడు తుకారాం సంతోషంగా. "నేను మొదటి దినం నుంచి అదే చెప్తున్న కదా!"

మంచు కొంచెం విడింది. చేను గట్టు మీద కొత్త ఇండ్ల వరస కనబడింది. తెల్లటి గోడలు, ముందు అరుగులు, మెట్లు లేవు. మోసెస్ మాస్టరు ట్యూబును నెమ్మదిగా వీపు వెనక్కి తిప్పుకున్నాడు. సంసోను చేను మధ్యలో అలాగే నిలబడిపోయాడు. మోకాలి లోతు సిగ్గు కాదు అది, నిండా మునిగే సిగ్గు. తిరిగి వచ్చి లీయా ముందు తల వంచుకున్నాడు.

"తప్పయింది. ఇల్లు అమ్మం. స్టాన్లీ కాళ్ళు పట్టుకొనైన ఇచ్చిన మాట వాపసు తీస్కుంట. పోదాం పా, వాషరు కూడ ఇయ్యాలనే తెస్త."

లీయా అతని మాట వినడం లేదు. జగదేవి వైపు చూస్తోంది. "నీకు సముద్రం పిచ్చి ఎప్పటి నుంచే?"

"నాకెందుకక్కా సముద్రం? నీళ్ళు చూస్తేనే నాకు తల తిరుగుతది. నువ్వు పోతున్నవని నేను బోర్డు పెట్టిపిచ్చిన. నువ్వు లేకుంటే రొట్టె ఎవరికిస్త?"

"మరి మీకో మాస్టరు గారూ?"

"మీరు లేకుంటే పాట ఎత్తుకునేదెవరమ్మా? నేను మీ వెనకనే వచ్చిన," అన్నాడు మోసెస్. వెనక నిలబడ్డ తక్కినవాళ్ళు కూడా కాళ్ళకేసి చూసుకున్నారు. లారీ ట్యూబు, గొడుగులు, ఇత్తడి చెంబు పట్టుకుని వీధికి వీధి వచ్చింది సముద్రం కోసం కాదని, తన కోసమని లీయాకు అప్పుడు తెలిసింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తరువాత వెళ్ళి మొదటి ఇంటి అరుగు మీద కూర్చుంది. పక్క అరుగుకూ దానికీ నడుమ గోడ నడుము ఎత్తు కూడా లేదు. చేతులు చాపి చూసుకుంది. రొట్టె అందుతుంది. చేలో పనికి వచ్చిన కుర్రవాళ్ళిద్దరు ఈ తువ్వాళ్ళ జనాన్ని చూసి నవ్వుతూ నిలబడ్డారు. వాళ్ళను చూసి సిలిండరు సంగతి కూడా తేలిపోయిందనుకుంది.

"నేను రాను. నాకీడనే మంచిగున్నది," అంది లీయా.

"ఏంది?" అన్నాడు సంసోను. "మరి చిద్రి ఇల్లు? జామచెట్టు?"

"నాకు కావాల్సింది ఇల్లు కాదయ్యా, గల్లీ. గల్లీ అంత ఈడనే ఉంది. బస్సు ఎక్కితే ఆదివారం గుడికి అందుకుంటం."

"మరి సముద్రం?"

"మోకాళ్ళ దాక తెచ్చిచ్చినం. ఇంకెంత కావాలె నీకు?"

ఆ నెలలోనే వాళ్ళందరూ అక్కడికి మారిపోయారు. చిద్రి గల్లీలో స్టాన్లీ మనుషులు దిగారు. ముసలివాళ్ళ దగ్గులు వినిపించే చోట ఇప్పుడు ఉయ్యాలల కిర్రుమోత. గల్లీ వయసు ఒక్కసారిగా సగానికి పడిపోవడంతో, ఇది పైకొచ్చే జాగ అని ధరలు మళ్ళీ లేచాయి. కొత్త ఇంట్లో నల్లా చుక్క కారదు. మొదటి రెండు రాత్రులు సంసోనుకు నిద్ర పట్టలేదు. మూడో రాత్రి లేచి దాన్ని కొంచెం వదులు చేసి వచ్చాడు. లీయా మేలుకునే ఉంది, చూసి అటు తిరిగి పడుకుంది.

రోజూ పొద్దున్నే మంచులో అరుగు మీద కూర్చుని అతను తన సముద్రాన్ని చూసుకునేవాడు. ఫిబ్రవరిలో కోతలు పడ్డాయి. ఒక ఉదయం తలుపు తీస్తే ఎదురుగా నల్లటి నేల, దాని మీద రెండు కొంగలు. సంసోను పక్క అరుగు వైపు తిరిగాడు.

"ఎండిపోయింది రాచన్నా," అన్నాడు.

రాచయ్య అరుగు దిగి, మట్టి పిడికెట్లోకి తీసుకుని చూశాడు. "రంది పడకన్నా. వచ్చే యేడు జొన్న ఏస్తరంట. మనిషి మునిగేంత వస్తది."

ఆ మాట విని మోసెస్ మాస్టరు లోపలికి వెళ్ళి ట్యూబులో గాలి సరిచూసుకున్నాడు.