తెలివికి నాలుగు స్తంభాలు

గద్వాలలో మా మగ్గాల వీధి బడిపిల్లల తెలివి నాలుగు స్తంభాల మీద నిలబడి ఉన్నదని శాస్త్రోక్తంగా రుజువైంది. మాట, చూపు, జ్ఞాపకం, వేగం. ఇన్నేండ్లూ ఏ స్తంభమూ చూసుకోకుండానే పిల్లల్ని బడికి తోలినందుకు పెద్దలం సిగ్గుపడుతున్నాం.

రుజువు చేసినవారు తెలివి కొలిచే డాక్టర్ భానుప్రకాశ్ గారు. పన్నెండు, పదమూడేండ్ల పిల్లలు అరవై మందికి పరీక్ష పెట్టారు. నెగ్గినవాళ్ళకు ఏ సెక్షన్, మిగిలినవాళ్ళకు బీ సెక్షన్. లెక్కల టీచరమ్మ ఒక్కతే కనుక ఆమె ఏ సెక్షన్‌కే చెప్తుంది. బీ సెక్షన్‌కు ఆటలు మంజూరయ్యాయి. ఆడే జాగా మంజూరు కావలసి ఉంది.

నేత నేసే బాలన్న బిడ్డ అమూల్యకు లెక్కలంటే పానం. పరీక్షలో ఒక గళ్ళ బొమ్మ వచ్చింది, ఒక మూల ఖాళీ. కింద నాలుగు ముక్కలు, అతికేది ఎంచాలి. అమూల్య ఏదీ ఎంచక, ఐదో ముక్క తనే గీసింది.

"సార్, వీటిల ఏదీ అతకదు. పై వరుసల ఒక గడి తప్పింది. గిట్లనే నేస్తే అంచు కాడ బుట్టా పువ్వు ఇరిగిపోతది."

"జవాబు రెండోదని పుస్తకంలో ఉందమ్మా," అన్నారు డాక్టర్ గారు.

కిటికీ కాడ నిలబడ్డ బాలన్న ఊరుకోలేదు. "ఆ పుస్తకం ఎన్నడన్న మగ్గం గుంతల దిగిందా సార్?"

తీరా లెక్క కడితే స్తంభాలు నిలవలేదు. అమూల్యతో కలిపి పన్నెండు మంది మార్కులు ఏ స్తంభానికీ ఆనలేదు. స్తంభాలను కదిలించరాదు గనుక పిల్లలను బీ సెక్షన్‌కు కదిలించారు. పన్నెండు పేపర్లు పక్కన పెట్టగానే నాలుగూ చార్మినార్ లెక్క లేచి నిలిచాయి. వెనక బెంచీ ఐదుగురూ అచ్చంగా ఒకే జవాబులు రాశారు. "ఏమి పొందిక!" అని డాక్టర్ గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

సన్మాన సభలో వారి శ్రీమతికని గద్వాల చీర సమర్పించుకున్నాం. ఆయన అంచు తడిమి మురిసిపోయారు. "ఈ అంచుకు గళ్ళ నమూనా గీసినవారి తెలివే తెలివి! ఎవరా మహానుభావులు?"

"మా బిడ్డనే సార్," అన్నడు బాలన్న. "బీ సెక్షన్ల కూసుంది. జర లెక్కల క్లాసుకు రానియ్యుండ్రి."

"సంతోషం. కానీ చీరలు మా నాలుగు స్తంభాల్లోకి రావు," అని డాక్టర్ గారు చీర సంచిలో పెట్టుకున్నారు.

సభ చప్పట్లతో దద్దరిల్లింది. నేనైతే అరచేతులు మండేదాక కొట్టిన. ఆ పొందికైన వెనక బెంచీ నడిమిట్ల కూసుని ఏ సెక్షన్‌కు ఎక్కింది మా మనవడే. మీ మనవడైతే మీరు కొట్టకపోదురా?