అప్పలనర్సమ్మ కారు షికారు

యావన్మందికీ తెలియజేయడమేమనగా, చైనా యుద్ధానికి ముందటి ఏడు మా ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో కారు లేని ఇల్లు లేదు. కలకత్తాలో కూడా ఇంత ప్రగతి లేదు. ఒక్కో క్వార్టరులో రెండేసి, మూడేసి కార్లు. వాటికి షెడ్డు అక్కర్లేదు, గూట్లో దీపం పక్కన కాస్త జాగా చాలు. పెట్రోలు తాగవు. పిల్లి తప్ప ఎవరూ గుద్దరు. అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్లను దేశం చాలామందిని చూసింది. అరచేతిలో వాహనం చూపించినవాళ్లు మాత్రం మావాళ్లే.

ఈ ప్రగతికి మూలపురుషుడు లోకో డ్రైవరు ఆర్థర్. ఆయన ఉద్యోగం చాలించి ఆస్ట్రేలియా ఓడెక్కుతూ, తాను పోగుచేసుకున్న పెట్టెడు ఇనప బొమ్మ కార్లను ఇరుగుపొరుగులకు పంచిపెట్టి పోయాడు. అన్నీ సీమ కార్లు. సీమ కారును సీమ కారులాగే ఉంచుకుంటే స్వాతంత్ర్యం వచ్చి ఏం లాభం? అందుచేత మావాళ్లు వాటి రంగు గీకి, ముక్కు అరగదీసి, వీపు ఉబ్బించి స్వదేశీ అంబాసిడర్లుగా మార్చసాగారు. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం బంపరయింది. రవికల మీది అద్దాల బిళ్లలు హెడ్‌లైట్లయ్యాయి. సైకిలు ట్యూబు ముక్కలు టైర్లయ్యాయి, సైకిళ్లు మూలపడ్డాయి. మావాళ్లు ఆఫీసులకు నడిచి వెళ్లి కార్ల గురించి మాట్లాడుకునేవారు.

మనవాళ్లు ముగ్గురు కలిస్తే సంఘం, నలుగురు కలిస్తే రెండు సంఘాలు. ఏ దేవుడి దయో, ఈసారి ఒక్కటే పుట్టింది. పేరు చిన్న కార్ల పెద్దల సంఘం. అధ్యక్షులు హెడ్ క్లర్కు వరాహనరసింహంగారు. ఆయనకు పెద్ద కారు నడపడమూ రాదు, చిన్న కారుకు రంగు వేయడమూ రాదు. అందువల్ల ఎన్నిక ఏకగ్రీవమయింది. బొమ్మ స్కేలు ప్రకారం ఉండాలని ఎవరో అన్నారు. రైల్వే ఊళ్లో స్కేలంటే జీతం స్కేలే కదా! కనుక ఖలాసీకి రెండు తలుపుల కారు, గుమాస్తాకు నాలుగు తలుపుల కారు అని తీర్మానించారు. ఫిట్టరు కారు హెడ్ క్లర్కు కారు కంటే పొడుగుంటే అది క్రమశిక్షణా రాహిత్యం. చక్రాలకు పూయవలసిన బురద విషయంలో సంఘం చీలిపోయేంత పనయింది. ఐ.ఐ.టి. పక్కనున్న ప్రేమ్ బజార్ బురదలో విద్యార్థుల చెప్పుల ధూళి కలుస్తుందనీ, ఇందా పేట బురదే అసలు సిసలు బురదనీ చివరకు తేల్చారు. బురద విషయంలో ఇంత స్వచ్ఛత పాటించిన సంఘం మరొకటి లేదు.

ఈ సంఘంలో మేటి చెయ్యి గణపతిరావుది. వర్క్‌షాపులో పెయింటరు. పగలు బోగీలకు తుప్పు వదిలించేవాడు, సాయంత్రం ఇంట్లో బొమ్మ కారుకు తుప్పు పట్టించేవాడు. విశ్వకర్మ పూజనాడు జరిగే పోటీకి అతను తలపెట్టింది సామాన్యమైన కారు కాదు, సాక్షాత్తు వర్క్‌షాపు పెద్ద దొరగారి నల్ల అంబాసిడరు. పై అధికారుల ద్వారా అనుమతి కూడా తెచ్చుకున్నాడు. ఇక ఆ కారు ఎక్కడ ఆగితే అక్కడ దాని చుట్టూ ప్రదక్షిణాలు. వానాకాలంలో ఇంటి కప్పు కారుతుంటే, ఈయన కారు కప్పు తడవకుండా సత్తుగిన్నె బోర్లించేవాడు. ఆ గిన్నె పెట్టవలసిన చోట కూర్చుని ఇల్లాలు అప్పలనర్సమ్మ తడిసేది.

ఆమె ఓర్పుకు కూడా ఒక స్కేలుంది. ఒకనాడు అది దాటింది.

“ఏటిది? నా పట్టు జాకిట్టుకి కన్నమేటి?”

“కన్నం కాదే, ఎనక సీటు.”

“అడక్కండా కోసీడం తప్పు కదేటి?”

“తప్పు సంగతి తరవాత. తుప్పు సంగతి సూడు. నీ కుంకం బరిణి ఇలాగ తే, తుప్పుకి రంగు సాల్లేదు.”

అప్పలనర్సమ్మ భరిణె ఇచ్చింది, కాని షరతు మీద ఇచ్చింది.

“నువ్వు గెలిస్తే నన్ను ఆ అసలు కారెక్కించాల. రైలెక్కి రైలెక్కి నా నడుం పట్టాలయిపోనాది. ఆ దాలమ్మొదిన జొరమొచ్చి ఒక్కపాలి టాక్సీలో ఆస్పత్రికెల్లినాది. ఇన్నేళ్లయినా కుళాయి కాడ అదే కత. జొరం గిరం లేకండా నేను కారెక్కి దాని గుమ్మం ముందర దిగాల. లేదంటే నీ బొమ్మ పొయ్యిలోకే. ఇంటన్నావా?”

గణపతిరావు విన్నాడు. విని వరాహనరసింహంగారితో మొరపెట్టుకున్నాడు. మొదటి బహుమతికి సంఘం దగ్గర కప్పు లేదు, కనీసం సాసరు కూడా లేదు. అందువల్ల ఈ ఆలోచన ఆయనకు అమోఘంగా కనిపించింది. గెలిచినవాడి భార్యను దొరగారి కారులో ఇంటి దాకా దిగబెట్టడమే బహుమతి అని ప్రకటించారు. మైకు ముందు మాట్లాడే అవకాశముందని తెలియగానే దొరగారూ ఒప్పుకున్నారు.

పోటీ ముందురోజు అధ్యక్షులవారు బొమ్మను తనిఖీ చేస్తూ ఉలిక్కిపడ్డారు.

“గణపతీ, ఎడమ మడ్‌గార్డు మీద ఇదేమిటి?”

“నొక్కండి.”

“దొరగారి కారుకు నొక్కెక్కడిది?”

“దొరసానిగారు బంగళాలో సంపెంగ సెట్టుని గుద్దేసినారు కదండి, అప్పటిది.”

“గుద్దిన సంగతి నాకు తెలుసు. ఆ నేరానికి చెట్టును కొట్టేయించారు కూడాను. చెట్టే లేనప్పుడు నొక్కెలా ఉంటుందోయ్? ఆ నొక్కు ఉందని ఎవరికీ తెలియదు. దొరగారికి అసలే తెలియదు.”

“అది తీసేస్తే మోడలు కాదండి, అబద్దం అయిపోద్ది.”

“ఉండనిస్తే నా ప్రమోషన్ అబద్ధమైపోతుంది! నొక్కి నొక్కి చెప్పకు!”

తీస్తే అసత్యం, ఉంచితే అవిధేయత. పాతికేళ్లు ఫైళ్లను ఉన్నచోటే మాయం చేసిన అనుభవంతో వరాహనరసింహంగారు మధ్యేమార్గం కనిపెట్టారు. బొమ్మ కారు ఎడమ మడ్‌గార్డు మీద బంతిరేకుల చిట్టిదండ, పక్కన నిలబెట్టే అసలు కారు ఎడమ మడ్‌గార్డు మీద చేంతాడంత బంతిపూల దండ. నొక్కు ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. అంతా యథాతథం.

విశ్వకర్మ పూజ మా వర్క్‌షాపుకు సంవత్సరానికొక్కసారి వచ్చే పండగ. ఆనాడు గేట్లు బార్లా తెరుస్తారు, పెళ్లాం పిల్లలు లోపలికి వస్తారు. సుత్తి లేవదు, లేతు తిరగదు. యంత్రాలన్నీ దండలేసుకుని, బొట్టు పెట్టుకుని కూర్చుంటాయి. పని చేయని రోజున పనిముట్లకు పూజ చేయడంలో మాకు మించినవాళ్లు లేరు.

దొరగారు భూతద్దం పెట్టి బొమ్మను చూశారు. కళ్లద్దాలు పెట్టి కారును చూశారు. రెండూ ఒకేలా ఉన్నాయి, రెండూ నిష్కళంకంగా ఉన్నాయి. “వెరీ గుడ్, ఫస్ట్ ప్రైజ్, రైట్ నౌ” అన్నారు మైకులో. వరాహనరసింహంగారు దాన్ని ఇలా తెలుగు చేశారు:

“మహాజనులారా! దొరగారు సెలవిచ్చేదేమనగా, నేడు మన అరచేతిలో ఉన్న కారే రేపు మన అరుగు ముందు నిలుస్తుంది. అంతవరకు ప్రతి కార్మికుడూ అరచెయ్యి చాపే ఉంచవలసిందని వారి హితవు. విజేత భార్య శ్రీమతి అప్పలనర్సమ్మగారు ఈ క్షణమే కారెక్కుదురు గాక!”

ఇక్కడొక చిన్న సంగతి జరిగింది. ఈ తెలుగు సేత సాగుతుండగా పూజారి అనంతరామయ్యగారు హారతి పళ్లెంతో లేతుల వరస వెంట వస్తున్నారు. దండ ఉన్న ప్రతిదానికీ పూజ చేయడం ఆయన డ్యూటీ. కారుకు దండ కనిపించింది. బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు, ముందుకు సాగారు. అప్పలనర్సమ్మ వెనక సీట్లో, దొరగారు ముందు సీట్లో కూర్చున్నారు. డ్రైవరు తాళంచెవి తిప్పబోయాడు. అతని పేరు దేముడు.

“ఒరే దేముడూ, ఆగు!” అని అరిచారు పూజారిగారు. “పూజందుకున్న యంత్రం రేపు తెల్లారేదాకా తిరక్కూడదు. ఈ వర్క్‌షాపు పుట్టినప్పటి నుంచీ ఆచారం. అసలు కారుకు దండ ఎవరు వేయమన్నారు?”

అందరూ అధ్యక్షులవారి వైపు చూశారు. అధ్యక్షులవారు ఆకాశం వైపు చూశారు. ఎందుకు వేశారో చెబితే నొక్కు బయటపడుతుంది. నొక్కు బయటపడితే ప్రమోషన్ లోపలే ఉండిపోతుంది.

“రేపెక్కుదువు గాని, దిగే” అన్నాడు గణపతిరావు బతిమాలుతూ.

“నాను దిగను. దాలమ్మొదిన గుమ్మంలో నిలబడి ఉంటది. రేపటికి దొర మనసెలాగుంటదో, నాకు జొరమే వస్తదో!”

దొరగారు వాచీ చూసుకున్నారు. అప్పుడు వరాహనరసింహంగారిలోని రైల్వే మనిషి మేల్కొన్నాడు. “ఇంజను తిరక్కూడదన్నారు గాని చక్రాలు తిరక్కూడదని ఆచారంలో ఎక్కడుంది? ఇంజను దొరకనప్పుడు వ్యాగన్లను ఏం చేస్తున్నాం? చేత్తో షంటింగ్ చేయడంలేదూ?” అన్నారు. పూజారిగారికి అభ్యంతరం కనిపించలేదు. దేముడి మీద భారం వేసి సంఘం యావత్తూ కారు వెనక వంగింది.

“హైలెస్సా!”

సీనియారిటీ ప్రకారం తోశారు. ఖలాసీలు భుజాలతో, ఫిట్టర్లు చేతులతో, గుమాస్తాలు వేలి కొసలతో తోశారు. అధ్యక్షులవారు పచ్చజెండా పట్టుకుని ముందు నడిచారు. హారనుకు కూడా పూజయిపోయింది కనుక దేముడు నోటితోనే “పాఁ... పాఁ...” అంటున్నాడు. దొరగారు దిగలేదు, తన కారు కదులుతుండగా తాను నడవడం హోదాకు తగదు. దారిలో ఒక బెంగాలీ ముసలాయన చేతులు జోడించి, “ఎటా కోన్ ఠాకుర్, దాదా?” అని, ఇది ఏ దేవత అని అడిగాడు. గణపతిరావు రొప్పుతూ, “మా ఇంటి ఠాకుర్, దాదా” అన్నాడు. ముసలాయన కారు మీద రెండు పూలు వేశాడు. అప్పలనర్సమ్మ అభయహస్తం చూపించింది.

దాలమ్మ గుమ్మంలోనే ఉంది. కారు ఆమె ముందే ఆగింది. అప్పలనర్సమ్మ జొరం లేకుండా, తొణక్కుండా దిగింది.

“ఎలాగున్నాదొదినా?” అంది దాలమ్మ.

“మా బాగున్నాది. కుదుపు లేదు, పొగ లేదు. నీ టాక్సీకి సప్పుడుండీదన్నావు కదేటి? దీనికి సప్పుడే లేదు.”

తరువాత ఆమె వెనక్కి తిరిగి, చెమటలో నానిపోయిన మొగుణ్నీ, సంఘాన్నీ ఎగాదిగా చూసింది.

“ఏటయ్యా, ఈ దొర దినామూ ఈ కారులోనే ఎల్తాడా?”

“ఆఁ, దినామూ.”

“మరి దినామూ ఎవులు తోస్తన్నారు?”

దొరగారు ఇంకా బంగళాకు చేరవలసి ఉంది కనుక అందరూ మళ్లీ వంగి తోశారు. మీరు ఆ దారినే పోతున్నట్లయితే ఊరికే నిలబడి నవ్వకండి. వెనక ఇంకొక్క చెయ్యి పట్టేంత చోటు ఎప్పుడూ ఉంటుంది.