జిల్లా దాటిన గోదాము

కాన్పుకు పుట్టింటికి పోయి వచ్చిన స్వరూప మీద, అనుమతి లేకుండా గోదామును జిల్లా దాటించినందుకు కేసు పెట్టారు. గోదామంటే స్వరూపే.

ఇందులో వింతేమీ లేదు. స్వరూప అత్తగారి వాడ పక్కనున్న పురుగుమందుల ఫ్యాక్టరీ తన క్లోరిన్ వ్యర్థాన్ని చెరువులో ఉంచకూడదని కోర్టు చెప్పింది. నేలలో ఉంచకూడదనీ చెప్పింది. మనుషుల కొవ్వు సంగతి మాత్రం ఎత్తలేదు. ఆ సరుక్కి నీళ్లంటే గిట్టదు, కొవ్వంటే ప్రాణం. ఒకసారి చేరిందంటే ఏళ్ల తరబడి కదలదు. ఇంతకన్నా నమ్మకమైన చోటు ఎక్కడ దొరుకుతుందని, ఫ్యాక్టరీ ఆఫీసు వాళ్లు వాడలో అందరికీ గోదాము నంబర్లు ఇచ్చారు. మగవాళ్లకూ ఇచ్చారు గానీ, వాళ్లలోంచి సరుకు బయటికొచ్చే దారి పెద్దగా లేదు కనుక తనిఖీలుండవు.

స్వరూప ఎనిమిదితోనే బడి మానేసింది. అయినా నోటీసును కూడబలుక్కుంటూ మూడుసార్లు చదివింది. కేసు తేలేదాకా పాపకు పాలివ్వకూడదు. ఇస్తే సరుకును దొంగతనంగా తరలించినట్టు. చంకలో రెండు నెలల పాప పొద్దుటి నుంచి ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది.

ఆఫీసులో గుమాస్తా నరహరి తలెత్తకుండానే కాగితం అందుకున్నాడు.

"తొలి కాన్పు తల్లిగారింట్ల గాక ఏడ చేస్తరు సారూ? అందరు పోతరు గదా."

"పో తల్లీ, ఎవరొద్దన్నరు? సరుకు ఈడ దించి పోవాలె."

"ఎట్ల దించాలె?"

"దించెటందుకు ఒక్కటే తొవ్వ. అది నీ సంకల ఉన్నది."

వెంట వచ్చిన అత్త సత్తెమ్మ కలగజేసుకుంది. "డబ్బా పాలు పడతం తియ్యి సారూ."

"బోరు నీళ్లల్లనే గదా కలిపేది? బోరుకు వేరే నంబరున్నదమ్మా, కోర్టు చెప్పకముందుదే. రెండు గోదాముల సరుకు ఒక్క పిల్లకు ఎక్కియ్యరాదు."

చివరికి ఆయనే దారి చూపించాడు. పాప పేరిట కూడా ఒక నంబరు తీసుకుంటే తరలింపు సక్రమమవుతుంది, కేసు దానంతటదే పోతుంది. వేలిముద్ర పడని వయసు కనుక మడమ ముద్ర చాలు.

స్వరూప పాప మడమను సిరాలో అద్దబోయి ఆగింది. "దీనికేమన్న అయితదా సారూ?"

నరహరి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆ గడి ఈ కాయితంల లేదమ్మా." ఓదార్పుగా అన్నాడు. "తొలిసూరు పిల్లనే ఎక్కువ గుంజుతది. నీకు తేలికైతది. రెండో కాన్పుకు గంత ఉండదు."

సత్తెమ్మ ముఖం విప్పారింది. "అయితే పిలగాడు పుట్టేయాల్లకు సాఫైతది."

ముద్ర పడింది. స్వరూప వరండాలో బెంచీ మీద కూర్చుని పాపను రొమ్ముకు చేర్చుకుంది. పాప ఆబగా తాగసాగింది. గుక్క గుక్కకూ స్వరూప ఒళ్లు తేలికవుతోంది. ఆ తేలిక హాయిగానే ఉంది. పాప ముఖం తనకు కనబడకుండా కొంగు లాగి కప్పుకుంది.