మూడు కొటేషన్ల అరుగు

ఆ రోజు ఉదయం పది గంటలకల్లా దేవదారు కలప సంగతి తేల్చేయాలని కొటేషన్‌గారు నిద్ర లేస్తూనే నిర్ణయించుకున్నారు. తేల్చక తప్పదు కూడా. పెరటి గుమ్మం ముందు చెక్క అరుగు కట్టాల్సిన వడ్రంగికి ఖాళీ ఉన్నది ఆ ఒక్క రోజే. మర్నాడు అతను వేరే ఊళ్ళో పెద్ద భవనం పనికి వెళ్ళిపోతాడు. మళ్ళీ రావడం వానాకాలం దాటాకే.

పెరటి గుమ్మం నేలకి మూడడుగుల ఎత్తున ఉంటుంది. దానికున్న పాత చెక్క మెట్లు పుచ్చి కూలిపోయి ఎనిమిది నెలలైంది. ఇల్లాలికి మోకాళ్ళ నొప్పులు. అప్పటినుంచీ ఆవిడ ఆ తలుపు తెరుచుకుని, గడపకి ఇవతల కుర్చీ వేసుకుని, అవతల కాసే ఎండని చూస్తూ కూర్చుంటోంది. ఆ ఎండలో కూర్చోవాలన్నదొక్కటే ఆవిడ కోరిక. ఆ కోరిక బాగా తీర్చాలని కొటేషన్‌గారి తాపత్రయం. అందుకే మేలైన కలపే వేయాలని పట్టుబట్టారు. పట్టుబట్టడం వల్లే ఎనిమిది నెలలు పట్టింది.

ఆయన ముప్పై రెండేళ్ళు ఒక ఆఫీసులో కొనుగోళ్ళ విభాగం చూసి రిటైరయ్యారు. మూడు కొటేషన్లు లేనిదే గుండుసూది కూడా కొననిచ్చేవారు కాదు. ఆ పేరు అక్కడ వచ్చిందే. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. ఆ మధ్య పన్ను నొప్పి పుడితే ముగ్గురు డాక్టర్ల దగ్గర ధరలు కనుక్కుని పట్టిక గీస్తూ కూర్చున్నారు. పట్టిక పూర్తయ్యేలోగా పన్ను దానంతటదే ఊడి చేతిలోకి వచ్చింది. అది కూడా తన పద్ధతి గొప్పతనమే అనుకున్నారు.

ఊళ్ళో దేవదారు అమ్మే షాపులు మూడు. గాజు తలుపుల షాపులో ధర ఎక్కువ, బజారు మూల షాపులో మధ్యస్థం, రేకుల షెడ్డులో తక్కువ. ధర తేలిక, నాణ్యతే తేలదు. కాబట్టి మూడు షాపుల నుంచీ జానెడు ముక్కలు తెచ్చి, వంటింటి త్రాసులో ఒకే తూకం వచ్చేలా తూచి, ఒక్కోదానికి షాపు పేరున్న చీటీ అంటించి, ముందురోజే స్నానాల గదిలో బకెట్టు నీళ్ళలో వేశారు. నీళ్ళు తక్కువ పీల్చిన ముక్కదే గెలుపు.

తెల్లారి చూస్తే చీటీలు ఊడి నీళ్ళ మీద తేలుతున్నాయి. సిరా కరిగి నీళ్ళు లేత నీలంగా మారాయి. వాటి మధ్య మూడు ముక్కలూ ఒకదాని మీదొకటి ఎక్కి, అచ్చం ఒకేలా ఉన్నాయి. ఆయన నీరుగారిపోయారు.

"ఏమండీ, ఇవాళైనా నాకా బకెట్టు ఇస్తారా?" అని ఇల్లాలు తలుపు అవతల నుంచి అడిగింది.

మూడు ముక్కల్నీ మళ్ళీ తూచారు. ఒకటి తేలిగ్గా ఉంది. అంటే గెలిచిందెవరో తెలిసింది గానీ గెలిచినవాడి పేరు తెలియలేదు. అప్పటికే వడ్రంగి వచ్చి వీధి గుమ్మంలో పనిముట్ల సంచీ దించి కూర్చున్నాడు. జరిగింది అతనికి చెప్పడానికి మొహం చెల్లక, కొటేషన్‌గారు గెలిచిన ముక్కని తువ్వాలులో చుట్టుకుని బయల్దేరారు. ఎవరి కలప వాళ్ళు గుర్తుపట్టకపోతారా అని ఆశ.

గాజు తలుపుల యజమాని ముక్కని ఒక్కసారి తిప్పి చూసి, సందేహమే లేదు, తమదే అన్నాడు. మూల షాపాయన వాసన చూసి, తమ చెక్కని కళ్ళు మూసుకుని కూడా పోల్చుకుంటానన్నాడు. రేకుల షెడ్డాయన తడి తువ్వాలు వైపు అనుమానంగా చూశాడు గానీ, ముక్క మాత్రం తమదేనన్నాడు. కొటేషన్‌గారు ముగ్గురితోనూ పద్ధతి ప్రకారం ఒకే మాట చెప్పారు.

"ఇది మీదే అయితే ఆర్డరు మీకే."

ఆయన ఉద్దేశంలో అది షరతు. తేల్చడం ఇంకా మిగిలే ఉంది. కానీ ఎనిమిది నెలలుగా తిరుగుతున్న మనిషి నోట ఆర్డరు అన్న మాట వాళ్ళు వినడం అదే మొదటిసారి. కొలతలూ, అడ్రసూ ముగ్గురి దగ్గరా ఎప్పటినుంచో ఉన్నాయి. మనసు మార్చుకునేలోగా సరుకు దింపేయాలని ముగ్గురికీ ఒకే ఆలోచన వచ్చింది.

తల ప్రాణం తోకకి వచ్చి, కాళ్ళీడ్చుకుంటూ ఆయన ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. ముక్కని ఎదురుగా పెట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే ముగ్గురిలో ఎవరు అబద్ధమాడారో తేల్చగలననుకున్నారు. కూర్చునేలోపే మొదటి లారీ వచ్చింది. అది ఆగేలోపు రెండోది, దాని వెనకే మూడోది వచ్చి వీధి మూసేశాయి. వెనక చిక్కుకున్న కార్లు హారన్లు మొదలెట్టాయి. ఆయన ఫోను పట్టుకుని ముగ్గురు యజమానులతో వంతులవారీగా వాదిస్తుంటే, దారి ఇవ్వాలి కాబట్టి కూలీలు మూడు లారీల కలపా పెరట్లోకి మోసుకెళ్ళి ఒకే కుప్పగా పోశారు.

అది చూసి ఆయనకి ముచ్చెమటలు పోశాయి. ఏ చెక్క ఏ షాపుదో ఇక ఎలా చెప్పడమని ఒక డ్రైవర్ని నిలదీశారు.

"షాపుల్లో ఉండేవి చూపించడానికే సార్. ఆర్డరొస్తే మిల్లుకెళ్ళి ఎత్తుకొస్తాం. ఊళ్ళో ఉంది ఒక్క మిల్లేగా. ఇందాక మేం ముగ్గురం వరసలో నిలబడే ఎక్కించుకున్నాం."

బకెట్టు సంగతి చెప్పి, మరి ఆ ఒక్క ముక్క ఎందుకు తేలిగ్గా ఉందని ఆయన నీరసంగా అడిగారు. బకెట్టులో పైన తేలినదై ఉంటుందన్నాడు డ్రైవరు. కొటేషన్‌గారు ఎనిమిది నెలలు పోల్చింది ఒకే మిల్లు కలపని. తేడా అంతా గాజు తలుపుల్లోనూ, రేకుల కప్పులోనూ ఉంది.

యజమానులతో మళ్ళీ రెండు మూడు గంటలు ఫోన్లో వాదించి, కనీసం రెండు లారీల కలప వెనక్కి పంపుదామని పెరట్లోకి పరుగెత్తారు. అక్కడ వడ్రంగి పని దాదాపు పూర్తి చేశాడు. ఏది వాడమంటారని అతను అడిగితే, చేతికందింది వాడమందట ఇల్లాలు. అతను మూడు లోడ్లలోంచీ తలా కాస్త కోసేశాడు. మూడు కొటేషన్లు తీసుకుని ముగ్గురికీ బిల్లు కట్టడం ఆయన జీవితంలో అదే మొదలు.

ఇల్లాలు కొత్త అరుగు మీద కుర్చీ వేసుకుని, కాళ్ళు ఎండలోకి చాపుకుని కూర్చుంది. ఆయన వెళ్ళి పక్కన చెక్కల మీదే కూలబడ్డారు.

"మూడూ ఒకటేనట," అన్నారు.

"తెలుసు. మొదటి నెలలోనే వడ్రంగి చెప్పాడు."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా. ఇన్నాళ్ళూ గడప లోపలే కూర్చున్నావు."

"రిటైరయ్యాక నెల్లాళ్ళు మీరు గోడ వంక చూస్తూ కూర్చున్నారు," అందావిడ. "ఈ మెట్లు కూలాకే పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికెళ్ళడం మొదలెట్టారు. ఎండకేముందండీ, ఎప్పుడైనా కాస్తుంది."

ఆయనకి సిగ్గేసింది. ఆ సిగ్గు కన్నా ఎక్కువగా ఆవిడ మీద ప్రేమ పుట్టింది. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశారు.

తర్వాత ఆవిడ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసి, దీనిమీద చిన్న పందిరి వేస్తే బాగుంటుందనీ, ఏ కలపైతే మంచిదో కాస్త కనుక్కు రమ్మనీ అంది.

వచ్చే ఏడాది కూడా ఖాళీ లేదని చెప్పి వడ్రంగి సంచీ సర్దుకున్నాడు.