ఇరవై ఏడు ఎవరు?

పొరపాట్లు చేసే మొగుడితో కాపురం సులువు. అప్పుడప్పుడూ ఒకటి చేస్తాడు, అప్పుడప్పుడూ దెప్పుతాం, చెల్లుకు చెల్లు. పొరపాటే చేయని మనిషితోనే చిక్కంతా. వెంకటసుబ్బలక్ష్మి గారికి పెళ్లయిన దగ్గర్నుంచీ దెప్పడానికి ఒక్క సందు దొరకలేదు. ఆవిడ భర్త దత్తాత్రేయులు గారు పెదపాడు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరై, ఏలూరు పవర్‌పేటలో ఇల్లు కట్టుకుని, తెలిసినవాళ్లకు ముహూర్తాలు పెడుతూ కాలక్షేపం చేస్తున్నారు. ఆయన స్టేషనుకి వెళ్లేసరికి రైలు వెళ్లిపోతే అది రైలు తొందరపాటు. ఆయన కాపలా ఉండగా పాలు పొంగిపోతే గిన్నె చిన్నది. అంతే తప్ప ఆయన వల్ల తప్పు జరిగిన గుర్తు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ శుక్రవారం పొద్దున్న ఆ ఇంట్లో అందరి పనులూ ముందే అనుకున్నట్టుగా మొదలయ్యాయి. కొడుకు జయంత్ తాడేపల్లిగూడెం కాలేజీలో పాఠాలు చెప్పడానికి రైలెక్కి వెళ్లిపోయాడు. కోడలు హిమబిందు మేడ మీది గదిలో తన మిషన్ల ముందు కూర్చుంది. రౌటర్లలో నడిచే సాఫ్ట్‌వేర్ రాయడం ఆమె ఉద్యోగం. కంపెనీ హైదరాబాదులో ఉంది, ఆమె ఏలూరులో ఉంది. ఈ దూరం ఆమె పైఅధికారి హర్షవర్ధన్‌కి మొదటి నుంచీ నచ్చలేదు. పదకొండు గంటలకు ఒక పెద్ద కస్టమరుకి వీడియో కాల్‌లో ఆమె తన పని చూపించాలి. బాగా జరిగితే ఏలూరులోనే ఉండి పనిచేసుకోవచ్చు. జరగకపోతే వచ్చే నెల నుంచి హైదరాబాదు ఆఫీసులో కూర్చోవాలి, మొగుణ్ణి శని ఆదివారాల్లో చూసుకోవాలి.

చూపించాల్సింది పెద్ద విషయమేమీ కాదు. ఇంట్లో నెట్‌కి తగిలించిన ప్రతి వస్తువుకీ ఒక నంబరు ఉంటుంది. బయటి నుంచి ఫలానా నంబరుకని ఏదైనా వస్తే రౌటర్ గుమ్మంలో నిలబడి, "ఇరవై ఏడు ఎవరు?" అని ఇల్లంతా వినబడేలా కేకేస్తుంది. "నేనే" అన్నవాడికి అందిస్తుంది, కాసేపు ఆ ముఖం గుర్తుపెట్టుకుంటుంది. ఈ పిలుపులూ అందింపులూ చకచకా జరిగేలా హిమబిందు రాసింది. ముందురోజు సాయంత్రం నుంచీ ఇంటి నెట్ అంతా ఆమె కొత్త రౌటర్ మీదే నడుస్తోంది. హైదరాబాదులో కూర్చున్న కస్టమరు ఆమె బల్ల మీదున్న పరీక్ష మిషన్ని పిలవాలి, తెర మీద పచ్చగా "చేరింది" అని రావాలి. అంతే పని.

ఆ పరీక్ష మిషన్ నంబరు ఇరవై ఏడు. పెట్టింది దత్తాత్రేయులు గారు. నంబర్లు మామూలుగా రౌటరే పంచుతుంది గానీ, ఇలాంటి మిషన్లకు చేత్తో ఒకటి పెట్టి వదిలేస్తారు. చివరి సంఖ్య మన ఇష్టమేనని కోడలి నోట పొరపాటున వచ్చేసరికి ఆయన పంచాంగం పక్కన పెట్టి మరీ మేడెక్కారు.

"నీది రేవతి. ఇరవై ఏడో నక్షత్రం. రెండూ ఏడూ కలిపితే తొమ్మిది. ఇంక ఆలోచించకమ్మా."

హిమబిందు ఆలోచించలేదు. పెద్దాయన ముచ్చట తీరింది, మిషన్‌కి ఏ నంబరైనా ఒకటే అనుకుంది. తెలియని విషయం ఏమిటంటే, ముందురోజు మధ్యాహ్నం ఆమె బజారుకి వెళ్లినప్పుడు ఏసుకుమార్ అనే అతను వచ్చి పెరటి వరండాలో కెమెరా బిగించి వెళ్లాడు. దత్తాత్రేయులు గారు పూజకి దాచుకున్న ముద్ద మందారాలను తెల్లారకముందే ఎవరో కోసుకుపోతున్నారు. ఆ దొంగని పట్టడానికి ఆ కెమెరా. బొమ్మ ఆయన ఫోనులో కనబడుతుంది. పాస్‌వర్డ్ మళ్లీ వచ్చినప్పుడు పెడతానని చెప్పి, కెమెరాకి ఏ నంబరు పెట్టమంటారని ఏసుకుమార్ అడిగాడు. అడగకూడని మనిషిని అడిగాడు.

మంచి నంబరు ఒకరికి ఇచ్చేశాం కదా అని రెండోవారికి చెడ్డ నంబరు ఇస్తామా? ఒకే ముహూర్తానికి ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లు జరగడం లేదు? దత్తాత్రేయులు గారు ఇరవై ఏడే పెట్టించారు.

తొమ్మిదింటికి హిమబిందు ఒకసారి సరిచూసుకుంది. "చేరింది" అని రాలేదు. తెర తెల్లగా ఉండిపోయింది. పరీక్ష మిషన్ని ఆపి మళ్లీ వేసింది. ఇలాంటి మిషన్ ఏదైనా లేవగానే "ఇరవై ఏడు నేనే" అని తనంతట తానే చాటింపు వేసుకుంటుంది. రౌటర్ నమ్మింది. పచ్చగా "చేరింది" అని వచ్చింది. హిమబిందు ఊపిరి పీల్చుకుంది.

సరిగ్గా అప్పుడే కింద దత్తాత్రేయులు గారి ఫోనులో పెరడూ గోడా మందార మొక్కా మాయమైపోయాయి. ఆయన కెమెరాని ఆపి మళ్లీ వేశారు. కెమెరా కూడా లేవగానే "ఇరవై ఏడు నేనే" అంది. కింద మందార మొక్క తిరిగి వచ్చింది. పైన "చేరింది" పోయింది.

ఇలా ఎంతసేపు జరిగిందో చెప్పడం కష్టం. పైన ఒకరు, కింద ఒకరు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే కుర్చీ కోసం తోసుకున్నారు. హిమబిందు తను రాసిందంతా మొదటి నుంచీ చదివింది. తీగలు మార్చింది. బాగుపడినట్టే పడి, నీళ్లు తాగి వచ్చేలోగా మళ్లీ చెడేది. జయంత్‌కి ఫోను చేస్తే క్లాసులో ఉన్నాడు, ఎత్తలేదు. కేబుల్ అబ్బులుకి చేస్తే వచ్చి, స్తంభమెక్కి దిగి, వైరు బంగారంలా ఉందన్నాడు. వెళ్తూ వెళ్తూ పైన కోడలికీ కింద మావగారికీ విడివిడిగా ఒకే సలహా ఇచ్చాడు.

"ఆగినప్పుడల్లా ఆపి మళ్లీ వేసుకోండి. అదే సర్దుకుంటుందండి."

ఇద్దరూ ఆ సలహాని శ్రద్ధగా పాటించారు.

వెంకటసుబ్బలక్ష్మి గారు పైకి కాఫీ, కిందికి ఖాళీ గ్లాసు మోస్తూ ఇద్దరి ముఖాలూ చూశారు. కోడలి ముఖం చూస్తే ఆవిడకి గుండె తరుక్కుపోయింది. కెమెరా పోయినందుకు మాత్రం ఆవిడ పెద్దగా బాధపడినట్టు కనబడలేదు. పైన కూడా ఏదో తేడాగా ఉందని భర్తకి చెబితే ఆయన గోడ గడియారం వైపు చూశారు. శుక్రవారం, రాహుకాలం పదిన్నర నుంచి. కోడలిని ఆ వేళ మార్చుకోమని తను చెప్పారు, ఆ హైదరాబాదు అతను వినలేదు. కెమెరా మీద కూడా ఆ ప్రభావమే పడుతోంది. తన లెక్కలో తేడా ఏమీ లేదు.

పదకొండుకి కాస్త ముందు హర్షవర్ధన్ ఫోను చేశాడు. అంతా సిద్ధమేనా అన్నాడు. హిమబిందు నిజమే చెప్పింది, ఉండి ఉండి పోతోందని.

"అందుకేనండి నేను ఏలూరు నుంచి వద్దన్నది," అన్నాడు హర్షవర్ధన్. "ఇప్పుడు వాయిదా వేయలేం. కానివ్వండి. తర్వాత సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

తర్వాత సంగతి ఏమిటో ఆమెకి తెలుసు. పరీక్ష మిషన్ని ఆఖరిసారి ఆపి వేసింది. "చేరింది" అని వచ్చింది. ఇష్టదైవాన్ని తలుచుకుని కాల్‌లోకి వెళ్లింది.

కస్టమరు తరఫున రాజశ్రీ గారనే ఆవిడ వచ్చారు. ఆకివీడు నుంచి కామవరపుకోట దాకా ఇళ్లకీ చేపల చెరువులకీ నెట్ ఇచ్చే కంపెనీ వాళ్లది. ఆవిడ నవ్వని మనిషి. హర్షవర్ధన్ పరిచయాలు చేస్తూ, వాతావరణం గురించి మాట్లాడుతూ, మెచ్చుకోవాల్సినవన్నీ మెచ్చుకుంటూ పోయాడు. హిమబిందుకి ఒక్కో మాటా ఒక్కో యుగంలా ఉంది. ఉన్నంతసేపు ఉన్నదే, త్వరగా పిలవండి మహాప్రభో అని లోపల్లోపల మొక్కుకుంది.

కింద దత్తాత్రేయులు గారి ఫోను మళ్లీ ఖాళీ అయింది. ఆయన కెమెరాని ఆపి మళ్లీ వేశారు. ఈసారి అద్దం మీద దుమ్ము ఉందేమోనని అనుమానం వచ్చి, స్టూలెక్కి ఉత్తరీయంతో తుడవడం మొదలుపెట్టారు.

"సరే, పిలుస్తున్నానండి," అన్నారు రాజశ్రీ గారు.

ఆవిడ తెరని అందరూ చూస్తున్నారు. పచ్చగా "చేరింది" అని రావాల్సిన చోట ఒక ముక్కు వచ్చింది. తెర నిండుగా ముక్కు. దాని పైన కుంకుమ బొట్టు. ముక్కు వెనక్కి వెళ్లింది, కళ్లజోడు వచ్చింది. కళ్లజోడు అందరినీ అనుమానంగా చూసి, నోరు తెరిచి అద్దం మీద "హా" అని ఊదింది. తెరంతా మంచు కమ్మింది.

హర్షవర్ధన్ కళ్లు మూసుకున్నాడు.

"ఈయన ఎవరండీ?" అన్నారు రాజశ్రీ గారు.

"మా మావయ్య గారండీ," అంది హిమబిందు. అన్న క్షణంలోనే పొద్దుటి నుంచీ జరిగిందంతా ఆమెకి అర్థమైపోయింది. కెమెరా. నంబరు. ఎవరు పెట్టించి ఉంటారో అడగనక్కర్లేదు.

ఇలాంటి రోజు కోసమే ఆమె ఎప్పుడో ఒక చిన్న ముక్క రాసింది. ఒకే నంబరుకి ఇద్దరు "నేనే" అంటే, ఆ ఇద్దరూ ఎవరెవరో రౌటర్ పట్టి చెబుతుంది. ఒకే ఇంట్లో రెండింటికి ఒకే నంబరు పెట్టేవాళ్లు ఎవరుంటారు, తీసేయండి అని హర్షవర్ధన్ అన్నాడు. ఆమె తీసేయలేదు, ఆపి ఉంచింది అంతే. ఇప్పుడు దాన్ని వేసింది. "ఇరవై ఏడు ఎవరు?" అని రౌటర్ కేకేసింది. రెండు గొంతులు పలికాయి. తెర మీద ఎర్రగా రెండు పేర్లూ వచ్చాయి, ఒకటి పరీక్ష మిషన్, ఒకటి కెమెరా.

"మీకు ఇదే చూపించాలండి," అంది.

రాజశ్రీ గారు ముందుకు వంగారు. "చెరువు గట్ల మీద కెమెరాలు పెట్టినవాళ్లందరూ చేసే పని ఇదే. రోజూ మాకు ఇవే ఫోన్లు. మనిషిని పంపితే వెళ్లి ఆపి వేసి వస్తాడు, సాయంత్రానికి మళ్లీ మొదలు. ఇది ఉందని మొదటే ఎందుకు చెప్పలేదండీ హర్షవర్ధన్ గారూ?"

"చివర్లో చెబుదామని," అన్నాడు హర్షవర్ధన్. ఇంకాసేపటికి, ఈ ముక్క లేకపోతే రౌటర్లు వద్దనీ, రాసిన అమ్మాయి మా చెరువులకి దగ్గర్లోనే ఉంటే మంచిదనీ రాజశ్రీ గారు తేల్చేశారు. హర్షవర్ధన్ అలాగేనన్నాడు.

హిమబిందు మెట్లు దిగి వచ్చింది. మావగారు ఇంకా స్టూలు మీదే ఉన్నారు. ఆమె జరిగింది చెప్పింది. ఆయన ముహూర్తాల సంగతి ఎత్తారు. ఒకే ముహూర్తానికి ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లు...

"ముహూర్తం ఒకటే అయితే ఇబ్బంది లేదండీ మావయ్య గారూ. ఇక్కడ ఒకే పీట మీద ఇద్దరు పెళ్లికొడుకులు కూర్చున్నారు. పేరు పెట్టి పిలిస్తే ఇద్దరూ పలికారు. తాళి ఎవరి చేతికిస్తారండీ?"

దత్తాత్రేయులు గారు స్టూలు దిగారు. ఉత్తరీయం మడిచారు. ఆయన లెక్కల మాస్టారు, ఎటు తిప్పి చేసినా జవాబు అదే వస్తోంది.

"తప్పు నాదేనమ్మా," అన్నారు. "నంబరు చెప్పింది నేనే."

వంటింటి గుమ్మంలో వెంకటసుబ్బలక్ష్మి గారు కొబ్బరినూనె మూకుడు పట్టుకుని నిలబడిపోయారు.

"ఏవండీ, మిక్సీ చప్పుడులో సరిగ్గా వినబడలేదు. ఏమన్నారూ?"

మిక్సీ ఆగి చాలాసేపైంది. అయినా ఆయన తల దించుకుని మళ్లీ చెప్పారు. "తప్పు నాది అన్నానే."

ఆ సాయంత్రమే కెమెరాకి కొత్త నంబరు పెట్టారు, అది ఇప్పటికీ నిక్షేపంగా పనిచేస్తోంది. ఆ రోజు నుంచీ దొంగ జాడ లేదు, వెంకటసుబ్బలక్ష్మి గారు తలకి మందార నూనె కాయడం కూడా మానేశారు.