కాగితంలో లేని గేరు

ఆ ఉదయం పని చాలా చిన్నది. షరతుల మావయ్య భార్య కుట్టిన నలభై జతల యూనిఫాంలు పది గంటల బెల్లు మోగేలోపు బడికి చేరాలి. చేరితే వచ్చే ఏడు కుట్టుపని కూడా ఆవిడదే, చేరకపోతే ఎదురువీధి టైలరుది. మొన్న మందుల షాపాయన దగ్గర పాత వ్యాను కొన్నది అందుకే.

మూటలు ఎక్కించారు. ఇంజను గర్జించింది. మొదటి గేరు మాత్రం పడలేదు. మావయ్య లాగాడు, నెట్టాడు, బతిమాలాడు. బండి మూలిగిందే గాని అంగుళం కదల్లేదు.

మరొకరైతే కంగారుపడేవారు. మావయ్య కాలరు సర్దుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా దస్తావేజులు రాస్తున్న చెయ్యి ఆయనది. ఆయన రాస్తే చీమ దూరే సందు ఉండదని వీధి వీధంతా అంటుంది, ఆ పేరు వచ్చిందీ అలాగే. మందుల షాపాయన బిల్లు వెనకాల రెండు ముక్కలు రాసుకుందామంటే ఒప్పుకోక, వ్యానుకు నాలుగు పేజీల ఒప్పందం రాశాడు. బండిలో ఏ లోపమూ లేదని అమ్మినవారు హామీ ఇస్తున్నట్టు అందులో ఏడో షరతు.

"నువ్వు మూటల దగ్గరుండు. ప్లీడరుగారి నోటీసు చూస్తే ఆయనే పరిగెత్తుకొస్తాడు."

"నోటీసు మూటలు మోస్తుందాండీ?" అంది ఆవిడ. అప్పటికే ఆయన మలుపు తిరిగాడు.

ప్లీడరుగారు ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నంత పని చేశారు. షాపులో కొనడం వేరు, ఓ మనిషి దగ్గర కొనడం వేరు, చూసుకుని కొనాల్సిన పూచీ మనదేనని మొదలుపెట్టి, ఏడో షరతు దగ్గర ఆగారు. రాసిచ్చిన హామీ అబద్ధమైతే మాత్రం బండి తిరిగి ఇచ్చేసి డబ్బు రాబట్టవచ్చన్నారు. మావయ్య ఛాతీ వెడల్పయింది. మనోవేదన, ఎండలో నడిచిన శ్రమ కూడా నోటీసులో చేర్పించాడు. తొమ్మిదో వాక్యానికి మందుల షాపాయన మోసగాడని తేలిపోయింది. ఇంకో రెండు వాక్యాలు పోతే ముఠా నాయకుడయ్యేలా ఉన్నాడు.

"సాక్షి ఎవరు?" అన్నారు ప్లీడరుగారు.

"మా ఆవిడే. పక్కనే కూర్చుని అంతా విన్నది."

ఒక్క మాట అడిగేద్దామని ప్లీడరుగారు స్పీకరు పెట్టి ఫోను చేశారు. అటునుంచి గాలి హోరు వినిపించింది.

"వ్యానులో ఉన్నానండీ. బడి దగ్గరకొచ్చేశాం. మందుల షాపన్నయ్యగారే నడుపుతున్నారు. నేను ఫోను చేయగానే షట్టరు దించి వచ్చారు పాపం. ఒకసారి రివర్సు వేసి, తర్వాత ఫస్టు వేస్తే పడుతోంది."

"ఈ సంగతి అమ్మేటప్పుడు చెప్పలేదు కదమ్మా?"

"ఎందుకు చెప్పలేదూ? ఫస్టు గేరు మొరాయిస్తుందని చెప్పి, కాగితంలో రాయమని కూడా అన్నారు. ఏడో షరతు అందం చెడుతుందని మావారే రాయలేదు."

ప్లీడరుగారు నోటీసును మడిచి విసురుకోవడం మొదలుపెట్టారు.

"కేసు బలంగానే ఉందండీ. కాకపోతే ప్రతివాది మీరే."

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి ఖాళీ వ్యాను గుమ్మం ముందుంది. వచ్చే ఏడు పని ఖాయమైందని ఆవిడ ముఖమే చెబుతోంది. స్టీరింగు పక్కన ఒక మందుల బిల్లు తిరగేసి అంటించి ఉంది. దాని మీద ఆవిడ రాత: "ముందు రివర్సు, తర్వాత ఫస్టు."

మావయ్య రెండుసార్లు చదివాడు. సందు కోసం వెతికాడు. దొరకలేదు.

జేబులోంచి పెన్ను తీసి, కింద సాక్షి సంతకం పెట్టాడు.