షికోకుకు ఎవరో వెళ్తే చాలు

రైలు ప్రయాణం మనం చేయకూడదు. ఇంకొకరు చేసి మన ఫోనుకు పంపాలి. రైలు కనిపెట్టినప్పటి నుంచి ఇంత చిన్న సంగతి ఎవరికీ తోచలేదంటే నాకు ఆశ్చర్యంగా ఉంది!

మీరే ఆలోచించండి. సొంతంగా రైలెక్కితే మనకు మిగిలేదేమిటి? కిటికీ పక్క సీటు కోసం తగువు, కంట్లో నలుసు, నిద్రపోతూ మన భుజం మీదికి వాలిపోయే పక్కాయన తల. అదే ఇంకొకరు పంపిన రైలైతే కిటికీ మొత్తం మనదే. నచ్చని కొండను వేలితో ముందుకు నెట్టేయవచ్చు. నచ్చిన నదిని ఆపేసి, అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ పారించవచ్చు. ఏ దేశపు రైల్వే మంత్రి ఇవ్వగలడు ఇంత సౌకర్యం?

ఇదంతా ఊహించి రాస్తున్నది కాదు. దోహాలోని అల్ మన్సూరాలో, ఒక్క గదిలో చాప మీద కూర్చుని, నేను జపాన్‌లో ఒక దీవి మొత్తం రైల్లో చుట్టి వచ్చాను. ఆ దీవి పేరు షికోకు. మా అమ్మ కూడా నాతోపాటు చుట్టింది, మధ్యమధ్యలో లేచి పప్పు ఎనుపుతూ.

మా నాయన మౌలాలి ఇక్కడ ఒక కంపెనీ ఇంజనీరు గారికి కారు నడుపుతాడు. నా పదో తరగతి పరీక్షలయ్యాక అమ్మనూ నన్నూ విజిట్ వీసా మీద పిలిపించుకున్నాడు. రాయచోటి దగ్గర మా ఊరికి రైలు లేదు. వస్తుందని మా జేజి చిన్నప్పటి నుంచి చెప్పుకుంటున్నారు. కాబట్టి రైలంటే నాకు కొంచెం మోజు ఎక్కువ. ఆ సంగతి నాయనకు తెలుసు.

"మీరు తిరిగి పోయేలోపల ఒక శుక్రవారం మెట్రో ఎక్కి వక్రాకు పోదాం" అన్నాడు. "కొంచేపు నేల కింద పోతాది. ఆమైన పైకెక్కుతాది. ఆడ దిగితే సముద్రం."

వక్రా అన్నది ఊరి పేరే. రైలు మాత్రం తిన్నగానే పోతుందట.

కానీ ఇది వరల్డ్ కప్ సంవత్సరం. ఇక్కడ పనులన్నీ వరల్డ్ కప్‌కు ముందు, సెలవులన్నీ వరల్డ్ కప్ తర్వాత! ఇంజనీరు గారు, ఆయన భార్య సుహాసిని మేడం మాత్రం పని ముంచుకొచ్చేలోపలే పిల్లలతో జపాన్ వెళ్ళిపోయారు. వాళ్ళు లేరు కదా అని కంపెనీ వాళ్ళు నాయనకు అతిథులను అప్పజెప్పారు. స్టేడియాలు చూసేవాళ్ళు, హోటళ్ళు చూసేవాళ్ళు, ఏమీ చూడకుండా ఏసీ కారులో నిద్రపోయేవాళ్ళు. శుక్రవారాలన్నీ వాళ్ళకే సరిపోయాయి. మా ప్రయాణానికి ముందు ఒక్క శుక్రవారం మిగిలింది.

ఈలోగా షికోకు వీడియోలుగా నాయన ఫోనులోంచి మా గదికి రావడం మొదలుపెట్టింది.

సుహాసిని మేడం మంచి మనిషి. తాను చూసినది అందరూ చూడాలని ఆమె కోరిక. సముద్రం పక్కన ఆగే రైలు, లోయ మీద వంతెన దాటే రైలు, తలుపుల్లేని బండిలో గాలి కొట్టే రైలు, బొమ్మలు వేసిన రైలు, భోజనం పెట్టెలో ఏడు రకాల ఊరగాయలు పెట్టే రైలు. పొద్దున లేస్తే ఒక రైలు. అన్నానికి కూర్చుంటే ఒక రైలు. దారి పక్క ఊళ్ళవాళ్ళు పొలాల్లోంచి వచ్చి రైలుకు చేతులు ఊపుతుంటే, అమ్మ కూడా గరిటె ఊపింది.

"ఇంత గడ్డి ఉంది కదా, ఒక్క మేక గూడా లేదేందే?" అని అమ్మకు ఒకటే అనుమానం. షికోకు పర్యాటక శాఖ వారు దీనికి జవాబు చెప్పాలి.

వీడియో చూసి ఊరుకుంటే మర్యాద కాదు కదా? జవాబివ్వాలి. నాయన బండి నడుపుతూ ఫోన్ ముట్టుకోకూడదు. అందుకని ఇంటికొచ్చాక ఆ బాధ్యత నాకు అప్పగించాడు. ఏ రైలుకు బొటనవేలు, ఏ రైలుకు దండం, ఏ రైలుకు గుండె అన్నది నా విచక్షణకే వదిలేశాడు. ఎదుటి మనిషితో రెండు మాటలు మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు గానీ, బొటనవేలు పంపమంటే ఎన్నయినా పంపగలను. పిరికివాళ్ళకు ఇంత గౌరవమైన ఉద్యోగం ఏ యుగంలో దొరికింది చెప్పండి?

జగిత్యాల నుంచి వచ్చి సైట్ పని చేసే భూమేష్ మామ నాయనకు స్నేహితుడు. అమ్మ చేసే చిత్రాన్నం కోసం ఇండస్ట్రియల్ ఏరియా క్యాంప్ నుంచి బస్సెక్కి వస్తాడు. ఆ మిగిలిన శుక్రవారానికి ముందురోజు సాయంత్రం వచ్చి అడిగాడు.

"అన్నా, మీ సారు ఏడికి పోయిండే?"

"షికోకు పోయినాడు."

"షికోల ఏమున్నదట?"

"రైళ్ళుండాయంట."

"రైళ్ళ కోసం గంత దూరం పోవుడేందే? మా జగిత్యాలకొస్తే నేనే చూపిస్తుంటి."

నేను ధైర్యం చేసి నోరు తెరిచాను. "షికో కాదు నాయనా. ఊరి పేరే షికోకు. షికోకుకు పోయినారు."

"ఎక్కిళ్ళు వచ్చినాయా ఏమే?" అంది అమ్మ. "ఇదో, నీళ్ళు తాగు."

తాగాను. వాదించడం కన్నా నీళ్ళు తాగడం తేలిక.

అప్పుడే మేడం గొంతు మెసేజ్ వచ్చింది. "మౌలాలీ, శుక్రవారం షికోకు నుంచి వచ్చేస్తున్నాం. టికెట్ ఫోటో పంపాను. టైము చూసుకుని ఎయిర్‌పోర్ట్‌కి వచ్చెయ్."

నాయన దాన్ని రెండోసారి విన్నాడు. "షికోకు నుంచి అంట. 'కు' పెట్టినాక మళ్ళా 'నుంచి' యాడన్నా పెడతారా? పాపం, మేడం ఇంగ్లీషు మీడియం."

"పోవుడు, రావుడు ఒక్కపారే చెప్పింది కావొచ్చు" అన్నాడు భూమేష్ మామ.

షష్ఠీ విభక్తి మీద పంచమి ఎక్కిందని కనిపెట్టిన డ్రైవర్‌ను మా తెలుగు సారు చూసి ఉంటే వీపు తట్టేవారు.

టికెట్ ఫోటో మాత్రం తెరుచుకోలేదు. ఫోన్ నిండిపోయింది. షికోకు దీవిలోని పట్టాలన్నీ దాంట్లోనే ఉన్నాయి మరి.

"ఆ రైళ్ళు కొన్ని తుడిచెయ్ అన్నా" అన్నాడు భూమేష్ మామ.

"మేడం పంపినవి తుడిస్తే మేడంకు తెలిసిపోతాదేమో" అన్నాడు నాయన.

అందుకని మావే తుడిచాం. చిన్నాయన పెళ్ళి ఫోటోలు పోయాయి. ఆ పెళ్ళి కూడా ఏమంత గొప్పగా జరగలేదులెండి. అయినా టికెట్ తెరుచుకోలేదు. పెళ్ళి ఖాళీ చేసిన చోట్లోకి అప్పుడే ఒక లోయ వచ్చి కూర్చుంది.

"మేడంనే అడగరాదా?" అంది అమ్మ.

"సెలవులో ఉండేవాళ్ళకు ఫోన్ చేయకూడదు మే. బాగుండదు."

ఇక విమానాల పట్టిక వెతకడమే మార్గం. అమ్మ ఫోన్‌లో తీసి చూపించాను. షికో లేదు. షికోకూ లేదు. నాయన వేలు కిందికి జరుపుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది.

"ఇదో ఉంది. షికాగో."

"అది చికాగో నాయనా. అమెరికా."

"మధ్యలో ఒక గా ఎక్కువ పెట్టినారు, అంతే. ఇంగ్లీషోళ్ళు మన కడపకు ఎన్ని అక్షరాలు పెట్టినారో సూడలేదా? చదివితే కుడ్డపా అని వస్తాది. అట్లని కడప లేకుండా పోయిందా?"

"సార్ వాళ్ళు పోయింది జపాన్ కదా" అన్నాను, ఇంకా మెల్లగా.

దీనికి భూమేష్ మామ దగ్గర జవాబుంది. "బిడ్డా, నేను జగిత్యాల నుంచి ఈడికి వచ్చినప్పుడు బొంబాయి తిప్పిండ్రు, మస్కట్ తిప్పిండ్రు. విమానం అన్నంక తిరుక్కుంట రావాలె. వాళ్ళు అమెరికా తిరిగి వస్తుండ్రు గావొచ్చు."

ముప్పై ఏళ్ళ గల్ఫ్ అనుభవం ఇద్దరిదీ కలిపి. నాది పదో తరగతి భూగోళం. నేను మళ్ళీ నీళ్ళు తాగాను.

చికాగో విమానం శుక్రవారం చీకటి పడ్డాక దిగుతుంది. అది చూసి నాయన ముఖం వెలిగింది. "అయితే మధ్యాహ్నం నుంచి మనదే" అన్నాడు.

శుక్రవారం ఇక్కడ మెట్రో మధ్యాహ్నం దాకా తిరగదు. నాయన జుమ్మా నమాజు చదివి వచ్చాక బయలుదేరాం. అమ్మ కొత్త చీర కట్టింది. చిత్రాన్నం డబ్బాను సంచిలో తువ్వాలు కింద దాచింది. ముషైరిబ్‌లో రైలు మారాం. అది స్టేషన్‌లా లేదు, పెద్దింటి పెళ్ళికి కట్టిన మండపంలా ఉంది. ఎక్కడా చెత్త లేదు, అరిచేవాళ్ళు లేరు. అమ్మ చెప్పులు విప్పాలేమోనని కాసేపు తటపటాయించింది.

రైలెక్కాక నాయన మమ్మల్ని అన్నిటికంటే ముందు పెట్టెలోకి తీసుకుపోయాడు. "సూడు పాపా, దీనికి డ్రైవర్ లేడు."

నిజమే. ముందు అద్దం, అద్దం అవతల సొరంగం. తోలేవాడు లేడు.

"అదృష్టం సూడు" అన్నాడు నాయన. "యాడుండావ్ అని దీన్ని అడిగేటోడే లేడు."

ఇక కిటికీ సంగతి. నేల కింద పోయే రైలుకు కిటికీ ఎందుకని మీరు అడగవచ్చు. నేనూ అదే అనుకున్నాను. కానీ అవతల చీకటిగా ఉంటే ఆ గాజులో మనమే కనబడతాం. నాయన, అమ్మ, మధ్యలో నేను. ఎవరూ ఫోటో తీయకుండానే ముగ్గురం పక్కపక్కన ఉన్నాం. నాయన నవ్వుతున్నాడు. షికోకు కిటికీలు అన్నీ చూసినదాన్ని, నిజం చెప్తున్నాను. ఇంత బాగున్న కిటికీ వాటిలో ఒక్కటీ లేదు.

"ఈ వచ్చే స్టేషన్ దాటినాక పైకెక్కుతాది. ఎలుతురు వస్తాది, సూడు" అన్నాడు నాయన.

ఫోన్ మోగింది.

నాయన లేచి నిలబడ్డాడు. మేడం ఫోన్ చేస్తే ఆయన ఎక్కడున్నా లేచి నిలబడతాడు.

"మౌలాలీ, ఎక్కడున్నావు? మేం దిగి బయటికి కూడా వచ్చేశాం" అన్న మాటలు మా దాకా వినబడ్డాయి. నేలకు అంత లోతున, రైలు అంత వేగంగా పోతున్నా, ఒక్క అక్షరం తెగలేదు.

"చికాగో ఫ్లైట్ రాత్రికి కదా మేడం..."

"చికాగో ఏమిటి? ఎవరు వెళ్ళారు చికాగో?"

"వస్తాండా మేడం."

ఆ వచ్చే స్టేషన్‌లోనే దారి రెండుగా చీలుతుంది. ఒకటి వక్రాకు, ఒకటి ఎయిర్‌పోర్ట్‌కు. మేం దిగాం. మేం దిగిన రైలు మమ్మల్ని వదిలేసి వెలుతురులోకి వెళ్ళిపోయింది. మేం రెండోదెక్కాం.

ఇంతకీ కారు ఎక్కడుంది? సారు వాళ్ళ బిల్డింగ్ కింద ఉంది. దారి పొడుగునా ఆ సంగతి నాయనకు గుర్తుంది. వెనక్కి వెళ్ళి కారు తెచ్చేంత టైము లేదు.

ఎయిర్‌పోర్ట్‌లో సుహాసిని మేడం పెట్టెల మధ్య నిలబడి ఉంది. సారు, పిల్లలు ఒక పెట్టె మీద కూర్చుని ఉన్నారు. డ్రైవర్ రావడం సరే, వెనకాల భార్య, కూతురు, చిత్రాన్నం డబ్బా కూడా వస్తుంటే మేడం మా వెనక కారు కోసం వెతికింది.

"కారేది మౌలాలీ?"

"రైల్లో వచ్చినాం మేడం. మెట్రో ఈడనే ఉంది. రైల్లో పోదామంటే..."

"రైలా? అమ్మో, రైలు పేరెత్తకు" అంది మేడం. "ఎక్కడం, దిగడం, మారడం. నా నడుం పోయింది. ఈ ఏడాదికి ఇక రైలెక్కను."

చూశారా, నా సిద్ధాంతం ఎంత గట్టిదో? షికోకు చుట్టూ రైల్లో తిరిగిన మనిషే ఒప్పుకుంది. రైలు చూడటానికే గానీ ఎక్కడానికి కాదు.

మేడం కోప్పడలేదు. అది కూడా రాయాలి. నా వైపు తిరిగి, "వీడియోలన్నీ చూశావా? ఏ రైలు నచ్చింది?" అని అడిగింది. "అన్నీ" అన్నాను.

సారు టాక్సీ పిలిచారు. పెట్టెలు పైకి చేర్చాలి కాబట్టి నాయన ముందు సీట్లో ఎక్కాడు. పెట్టెలు చేర్చాక కారు తీయాలి, ఎందుకంటే సారు వాళ్ళకు ఆ సాయంత్రం ఎవరింట్లోనో భోజనం ఉంది. టాక్సీ కదిలేముందు అద్దం దించి, "మీరు వక్రాకు పోయి రాండి. దారి తెలుసు కదా" అన్నాడు నాయన.

అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. ఇద్దరం మన్సూరాకు తిరుగు రైలెక్కాం. గదికి వచ్చి చిత్రాన్నం తిన్నాం. నాయన వాటా పళ్ళెం బోర్లించి పెట్టాం. అమ్మ మా పెట్టెలు సర్దడం మొదలుపెట్టింది.

కాబట్టి పాఠకులారా, నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. దూరపు రైళ్ళు ఇంకొకరే ఎక్కాలి, మనకు పంపాలి, మనం బొటనవేలు చూపాలి. అందులో ఏ కష్టమూ లేదు.

ఇక ఈ మెట్రో కట్టిన పెద్దలకు ఒక చిన్న మనవి. మీ రైలు చాలా బాగుంది. కొండలు, లోయలు కనబడలేదని నేను ఫిర్యాదు చేయను. సముద్రం కూడా అడగను. కానీ అంత లోతున, ఆ సొరంగంలో, ఫోన్ అంత శుభ్రంగా ఎందుకు వినబడాలి? ప్రపంచమంతా మీ ఇంజనీర్లను మెచ్చుకుంటోంది కదా. ఏ రెండు స్టేషన్ల మధ్యనైనా సరే, సిగ్నల్ అందని ముక్క ఒక్కటి కట్టలేరా? రోజూ అక్కర్లేదు. శుక్రవారాలు చాలు.